జోల్వా నుంచి వచ్చిన పేర్లు

ఇరవై ఏళ్లు దాటింది. ఇంతకాలం ఈ సంగతి నాలో ఉండిపోయింది. ఉండిపోయింది అనడం కూడా సరి కాదు. నేనే దాన్ని దాచాను, కాపాడాను. నేను ఒక మాస్టారి బతుకు చెడగొట్టాను. తెలిసి చేశాను. చేసిన రోజు సంతోషపడ్డాను. ఆ దెబ్బ ఆయన దగ్గరే ఆగిపోయి ఉంటే ఇవాళ మీకు ఇది రాసేదాన్ని కాదేమో. నిజం చెప్పాలని కూర్చున్నాను కాబట్టి ఆ మాట కూడా చెప్పేస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. ఊరు మాత్రం దాచను. సూరత్.

మాది సాంచాల మీద బతికిన ఇల్లు. కరెంటు మగ్గాలను మావాళ్లు సాంచాలు అంటారు. సిరిసిల్ల వైపు నుంచి బాపు పెళ్లికి ముందే వచ్చాడు. లింబాయత్ బస్తీలో ఒక గది. బాపు కార్ఖానాలో పన్నెండు గంటల పని. అమ్మ అదే గల్లీలో కండెలు చుట్టేది. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు దారం ఎక్కించడం, అదే కండెలు చుట్టడం. రోజంతా చుడితే జుట్టులోకీ కనురెప్పల మీదికీ నూగు వచ్చి పడుతుంది. మా అమ్మ తల నాకు చిన్నప్పుడే నెరిసినట్టు కనిపించేది.

మా బస్తీలో మున్సిపల్ బడి ఒకటుండేది. ఒక వైపు గదుల్లో గుజరాతీ పిల్లలు, ఇంకో వైపు గదుల్లో మేము. మాకు తెలుగులోనే చదువు. ఏడో తరగతి దాకా. ఆ తరువాత ఏమిటని ఎవరూ అడిగేవారు కాదు. మగపిల్లలు సాంచా దగ్గరికి, ఆడపిల్లలు కండెల దగ్గరికి. అడిగిన మొదటి మనిషి హంసాబెన్.

ఆమె గుజరాతీ ఆవిడ, బెన్ అంటే వాళ్ల భాషలో అక్క. ఎక్కడో పంతులమ్మగా చేసి రిటైరయింది. ఇద్దరు ముగ్గురిని కూడగట్టుకుని ఒక చిన్న సంస్థ పెట్టింది. ఆమెకు తెలిసింది ఒకటే వాదన. గుజరాతీ తరగతిలో ఏ బెంచీ ఉందో తెలుగు తరగతిలోనూ, ఉర్దూ తరగతిలోనూ, ఒడియా తరగతిలోనూ అదే బెంచీ ఉండాలి. అరిచేది కాదు. సంచిలో మరమరాల పొట్లం పెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, పని అయ్యేదాకా అక్కడే కూర్చునేది. అలా మాకు చాపలు పోయి బెంచీలు వచ్చాయి. ఏడో తరగతి అయిన పిల్లల్లో ఏటా ఇద్దరిని ఆ సంస్థ రైలు పట్టాలకు అవతలి హైస్కూలుకు పంపేది. బస్సు పాసు, పుస్తకాలు వాళ్లవే. ఆ ఇద్దరు ఎవరో చెప్పాల్సింది మా సార్.

లింగమూర్తి సార్. లెక్కలూ సైన్సూ చెప్పేవాడు. మీరు గమనిస్తారు, ఆయన గురించి రాసేటప్పుడు నా చేయి "అన్నారు" అని రాయదు. "అన్నాడు" అనే రాస్తుంది. దిద్దుకుందామని చూశాను. చేతకాలేదు.

నేను ఏడో తరగతి చదివిన ఏడాది మా తరగతిలో మొదట వచ్చింది నేను. గొప్పకు చెప్పడం లేదు. అందరికీ తెలిసిన సంగతి. అయినా ఆయన రాసిచ్చిన రెండు పేర్లలో నాది లేదు. ఒకడు ఆయన బావమరిది కొడుకు. ఇంకొకడు కార్ఖానా మేస్త్రీ కొడుకు. నేను ఇంట్లో ఏడ్చాను. మా అమ్మ పని మధ్యలో లేచి, తలకున్న నూగు కూడా దులుపుకోకుండా బడికి వచ్చింది. తరగతి నడుస్తోంది. ఆమె గుమ్మంలో నిలబడి, సార్, నా బిడ్డ పేరు ఎందుకు రాయలేదని అడిగింది. ఆయన నవ్వాడు. "కండెలు చుట్టే చేతులకు బుక్కులెందుకమ్మా? ఆడపిల్లకు సీటిస్తే ఖరాబయితది. ముందుగాల నువ్వు తల దులుపుకొని రాపో" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న పిల్ల కూడా నవ్వింది. మా అమ్మ నిజంగానే తల దులుపుకుంది. అక్కడే, గుమ్మంలో నిలబడి. నూగు రాలింది. ఆ తరువాత వెళ్లిపోయింది.

ఆమె ఎందుకు దులుపుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒక్క మాట తిరిగి అని ఉంటే నేను వేరే మనిషినయ్యేదాన్నేమో.

ఐదేళ్లు కండెలు చుట్టాను. చక్రం తిరుగుతుంటే ఆయన ముఖం గుర్తుకు తెచ్చుకునేదాన్ని. ఏం చేయాలో తెలియదు. ఏదో ఒకటి చేయాలని మాత్రం తెలుసు. మధ్యలో హంసాబెన్ బడి మానేసిన ఆడపిల్లలకు మధ్యాహ్నం క్లాసు పెట్టింది. వెళ్లాను. ప్రైవేటుగా పదో తరగతి రాసి పాసయ్యాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, ఇప్పుడు నువ్వు మా మనిషివి అంది. బడిలో సాయం టీచరుగా పెట్టింది. ఇంటి భాష తెలిసిన బస్తీ పిల్ల తరగతిలో ఉంటే చిన్నపిల్లలు భయపడరని ఆమె నమ్మకం. పెట్టిన బడి ఏది? అదే. నేను సాయం చేయాల్సిన సార్ ఎవరు? ఆయనే.

చేరిన మొదటి రోజు హంసాబెన్ నన్ను అడిగింది. ఇక్కడ చదువుకున్నప్పుడు నీకెవరైనా అన్యాయం చేశారా, చేసి ఉంటే ఇప్పుడే చెప్పు అని. ఆమె అలా అడిగే మనిషే. చెప్పి ఉంటే నిలదీసేది. ఆయన చేత మా అమ్మ ముందు తల వంపించేది. నేను లేదన్నాను. ఎందుకన్నాను? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. భయం కాదు. సిగ్గు కూడా కాదు. హంసాబెన్‌కు చెబితే అది న్యాయం అయిపోతుంది. ఆయన క్షమాపణ అడుగుతాడు, నేను సరేననాలి, అక్కడితో అయిపోతుంది. నాకు అయిపోవడం ఇష్టం లేదు. నా చేత్తో నేనే కొట్టాలి. అంతే.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. "ఏ గల్లీ బిడ్డా మీది?" అని అడిగాడు. చెప్పాను. "మంచిగ చెయ్యి" అన్నాడు. ఏళ్లలో పొట్ట వచ్చింది, కళ్లద్దాలు వచ్చాయి. పాఠం మాత్రం బాగా చెప్పేవాడు. అది నాకు మరీ మంట. కప్పీ ఎలా పనిచేస్తుందో చూపించడానికి కిటికీ ఊచకు తాడు కట్టి, పిల్లల చేత ఇటుకలు పైకి లాగించేవాడు. ఆడపిల్లల్ని కూడా పిలిచేవాడు. మనుషులు మారతారా? మారితే పాత లెక్క కొట్టేయాలా? అప్పట్లో నేను ఇలాంటివి ఆలోచించలేదు. ఆయన మంచిగా ఉన్న ప్రతి రోజూ నా దగ్గరి నుంచి ఏదో లాక్కుంటున్నట్టుండేది.

ప్లేగు వచ్చిన ఏడాది మా బస్తీ సగం ఖాళీ అయింది. దొరికిన రైలెక్కి ఊళ్లకు పోయారు. భయం తగ్గాక తిరిగి వచ్చినవాళ్లలో చాలామంది మా వైపు రాలేదు. నగరం బయట జోల్వాలో కొత్త కార్ఖానాలు లేస్తున్నాయి, అక్కడే గదులు తీసుకున్నారు. బడిలో పిల్లలు తగ్గారు. సరిగ్గా అప్పుడే హంసాబెన్ ఎనిమిదో తరగతి అడుగుతోంది. ఏడుతో ఆగిపోకుండా తెలుగు పిల్లలకు అదే బడిలో ఎనిమిది తెరవాలి, అప్పుడు ఆడపిల్లల్ని కూడా పంపుతారు, పట్టాలు దాటనక్కర్లేదు. ఆఫీసువాళ్లు రెండు మాటలన్నారు. లెక్కలూ సైన్సూ తెలుగులో చెప్పగల డిగ్రీ మాస్టారు ఉండాలి. తరగతికి సరిపడా పిల్లలుండాలి. మాస్టారు ఉన్నాడు, లింగమూర్తి సార్. పిల్లలు ఓ పది మంది తక్కువ పడ్డారు.

ఆ ఏడాది ఏడో తరగతిలో స్వరూప అని ఒక పిల్ల ఉండేది. సన్నగా, పొడుగ్గా. లెక్క చెప్పడం పూర్తికాకుండానే జవాబు చెప్పేసి నాలుక కరుచుకునేది. "అక్కా, ఎనిమిది తెరుస్తరా?" అని రోజూ అడిగేది. వాళ్ల నాయన బస్సెక్కించి ఎక్కడికీ పంపనన్నాడు. ఇక్కడే అయితే సరే అన్నాడు. తెరుస్తారే, తెరవక ఎక్కడికి పోతారు అని నేను చెప్పేదాన్ని. ఆ మాట అన్నప్పుడు నేను అబద్ధమాడలేదు. నిజంగానే కోరుకున్నాను. ఇది మీరు నమ్మాలి. నమ్మకపోయినా తప్పు మీది కాదు.

ఒక సోమవారం బడి మొదలవక ముందే సార్ నా దగ్గరికి వచ్చాడు. హెడ్మాస్టరు, మేం పెద్దసార్ అనేవాళ్లం, ఏదో మీటింగుకు వెళ్లాడు. ఆయన చేతిలో మడిచిన కాగితం. లీవు చీటీ. రెండు రోజులు జోల్వా పోతున్నానని, అక్కడికి మారిపోయిన మన పిల్లల ఇళ్లు తిరిగి, ఎనిమిదో తరగతికి పంపేవాళ్ల పేర్లు రాసుకొస్తానని చెప్పాడు. పేర్లు వచ్చాక హంసాబెన్‌తో చెప్పి, పిల్లల్ని తీసుకురావడానికి టెంపో మాట్లాడిస్తానన్నాడు. పెద్దసార్ రాగానే చీటీ ఇవ్వమన్నాడు. తీసుకున్నాను. ఆయన గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

మీరు ఇక్కడ ఒక సంగతి చూడాలి. ఆయన ఎక్కడికి వెళ్తున్నాడో నాకు తెలుసు. ఎవరికోసమో తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు చీమ తలంత చోటు కూడా లేదు.

పెద్దసార్ మధ్యాహ్నం వచ్చాడు. చీటీ నా టిఫిన్ సంచిలో ఉంది. ఇస్తాలే అనుకున్నాను. ఇవ్వలేదు. సాయంత్రం ఇంటికి తీసుకెళ్లాను. అప్పటికి నాలో ఏ పథకమూ లేదు. ఆయనకు సంబంధించిన ఒక కాగితం నా దగ్గర ఉంది, అది నేను ఇస్తేనే చేరుతుంది. ఆ భావమే తియ్యగా ఉంది. మరునాడు పొద్దున, వారం తరువాత వస్తానన్న ఆఫీసరు అనుకోకుండా ఆ రోజే వచ్చాడు. పక్కన హంసాబెన్. ఎనిమిదో తరగతికి గది ఉందా, మాస్టారు ఎలా చెబుతాడో చూడాలని వచ్చారు. గది ఉంది. మాస్టారు లేడు. పెద్దసార్ లీవేమీ లేదన్నాడు. ఆఫీసరు పెదవి విరిచాడు. హంసాబెన్ ముఖం ఎర్రబడింది. వేరే ఎవరినీ అడగకుండా నా వైపు తిరిగింది. హిందీలో అడిగింది, మాస్టారు ఎక్కడ బేటా అని.

తెలియదు బెన్ అన్నాను. ఆగి ఉండవచ్చు. ఆగలేదు. అప్పుడప్పుడు ఇలాగే ఉండరు, సంతకం పెట్టి మధ్యాహ్నం నుంచి వెళ్లిపోతారు అన్నాను.

ఎంత తేలికగా వచ్చిందో ఆ మాట. ఐదేళ్లు చుట్టిన దారం ఒక్క చివర దొరకగానే జరజరా ఊడినట్టు వచ్చింది.

సాయం టీచర్లం ఏ రోజు ఏ పాఠం జరిగిందో నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. ఆ రోజు సాయంత్రం దాన్ని సంస్థ ఆఫీసుకు పట్టుకురమ్మంది హంసాబెన్. నాకు రెండు గంటల సమయం దొరికింది. ఖాళీ తరగతిలో కూర్చుని పాత పేజీలు తిప్పాను. నేను ఏమీ రాయకుండా వదిలేసిన వరుసలు అక్కడక్కడా ఉన్నాయి. అక్కడ రాశాను. "సార్ మధ్యాహ్నం లేరు. పాఠం జరగలేదు." ఒక చోట, రెండు చోట్ల, నాలుగు చోట్ల. అక్షరాలు ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని ఒక చోట పెన్ను, ఒక చోట పెన్సిల్. చీటీ దాచడం చేతికి దొరికిన పని. అబద్ధం నోటికి వచ్చిన మాట. ఇది మాత్రం కూర్చుని, ఆలోచించి, నిదానంగా చేశాను. చేస్తూ నవ్వుకున్నాను కూడా. మా అమ్మ గుమ్మంలో నిలబడిన తరగతి గది అదే.

హంసాబెన్ ఎప్పుడూ పిల్లల్ని అడిగే మనిషి. మీ మాస్టారు రోజూ వస్తారా అని చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని అడిగేది. ఆ రోజు అడగలేదు. నేను రాశాను కదా, చాలనుకుంది.

ఆయన బుధవారం మధ్యాహ్నం వచ్చాడు. చెప్పులకు నల్లమట్టి. పెద్దసార్ ఏం చెప్పాడో గాని, గదిలోంచి బయటికి వచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. వరండాలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. పిల్లలు కింద ఆడుకుంటున్నారు.

"బిడ్డా, చీటీ పెద్దసార్‌కు ఇయ్యలేదా?"

"ఏ చీటీ సార్?"

"సోమారం ఇచ్చిన గద. నీ చేతులనే పెట్టిన."

"నాకేం ఇయ్యలే సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపం రాలేదు. వస్తే బాగుండునని ఎదురుచూశాను. "జర యాది చేసుకో బిడ్డా. సంచిల ఏడన్న పడ్డదేమో చూడు. పొరపాటు ఎవలకైనా అయితది. లేకుంటె నా నౌకరి మీదికి వస్తది."

"ఏం లేదు సార్. చూసిన."

కళ్లద్దాలు పెట్టుకుని నన్ను చూశాడు. "నేను నీకేం చేసిన?" అన్నాడు.

ఎన్నేళ్లుగా ఆ ప్రశ్న కోసం బతికానో మీకు ఎలా చెప్పను. అన్నాను. "కండెలు చుట్టే చేతులు సార్ ఇవి. వీట్ల కాయిదాలు నిలుస్తయా?"

ఆయనకు తట్టలేదు. నుదురు ముడుచుకుంది. వెతుక్కున్నాడు, నిజంగానే వెతుక్కున్నాడు. నేను కళ్లారా చూశాను. ఏమీ దొరకలేదు. "ఏందో అంటున్నవ్ బిడ్డా, నాకు సమజ్ గాలే" అన్నాడు.

ఆ క్షణాన నాకు కలిగిన కోపం జీవితంలో మరెప్పుడూ కలగలేదు. మా అమ్మ ముఖం ఆయనకు గుర్తు లేదు. ఆ గుమ్మం గుర్తు లేదు. రాలిన నూగు గుర్తు లేదు. నాకు బతుకంతా అయినది ఆయనకు ఒక మధ్యాహ్నం కూడా కాలేదు. అప్పుడైనా చెప్పవచ్చు. ఫలానా సంవత్సరం, ఫలానా మాట అని ముఖం మీద చెప్పవచ్చు. చెప్పలేదు. గుర్తు లేనివాడికి గుర్తుచేయడం అంటే మళ్లీ ఆయన ముందు చేయి చాచడమే అనిపించింది.

తరువాత ఆయన జేబులోంచి ఇంకొక కాగితం తీశాడు. రెండు వైపులా రాసి ఉంది. "సరే. నా సంగతి తర్వాత చూసుకుంట. గివి జోల్వా పిల్లల పేర్లు. తల్లిదండ్రులు ఒప్పుకున్నరు. హంసాబెన్‌కు నువ్వియ్యి. నేనిస్తే ఇప్పుడు చేతిలకు తీస్కోదు."

ఒకసారి చీటీ పోగొట్టిన చేతికే మళ్లీ కాగితం ఎందుకిచ్చాడు? పొరపాటునే పోగొట్టాననుకున్నాడా? నన్ను పరీక్షించాడా? ఎంత పగ ఉన్నా పిల్లల పేర్లు పారేయదులే అనుకున్నాడా? ఈ మూడోది కాకూడదని ఇప్పటికీ కోరుకుంటాను.

ఆ కాగితం హంసాబెన్‌కు చేరితే ఆయన జోల్వా వెళ్లాడని తేలిపోతుంది. నా మాట అబద్ధమని తేలిపోతుంది. ఇవన్నీ లెక్క వేసుకోవడానికి మెట్లు దిగినంత సేపు కూడా పట్టలేదు. ఇంటికి వెళ్లే దారిలో ఖాడీ అనే మురుగు కాలువ మీద చిన్న వంతెన ఉంది. నల్లటి నీళ్లు. పైన నిలబడి రెండు కాగితాలూ చింపి వేశాను. చీటీ ముందు. పేర్లు తరువాత. పేర్లు చదవలేదు. చదివితే వేయలేనని తెలుసు.

ఇదీ నేను చేసింది. చీటీ దాచి ఆయన్ని కొట్టాను. దానికి నాకు ఇప్పటికీ పూర్తిగా పశ్చాత్తాపం లేదు, ఉన్నట్టు నటించను. కానీ రెండో కాగితం ఆయనది కాదు.

ఆయన హంసాబెన్ దగ్గరికి వెళ్లాడు. చీటీ ఇచ్చాననీ, పేర్లు కూడా ఆ అమ్మాయి చేతికే ఇచ్చాననీ చెప్పాడట. ఆమె నన్ను పిలిచి అడిగింది. రెండూ ఇవ్వలేదన్నాను. ఆమె నా తల నిమిరింది. ఆడపిల్ల మీద నేరం మోపడానికి సిగ్గు లేదా అని ఆయన్ని అందట. జోల్వాకు మనిషిని పంపి అడిగించనూ లేదు. ఆయనను నగరం అవతల ఇంకొక బడికి మార్చారు. కాగితాల్లో చెడ్డ రిమార్కు పడింది. అక్కడ కొన్ని నెలలు చేసి, వేసవి సెలవులకు ఊరికి వెళ్లి మళ్లీ రాలేదు. ఆయన మా బడి నుంచి పోయిన రోజు నేను బజారు నుంచి జిలేబీ కొనుక్కొచ్చి ఇంట్లో పంచాను. అమ్మ ఎందుకని అడిగితే జీతం పెంచారన్నాను. అమ్మకు కూడా చెప్పలేదు. చెబితే ఆమె మెచ్చుకోదని ఎక్కడో తెలుసు.

మాస్టారు లేడు, పిల్లలు చాలరు. ఎనిమిదో తరగతి ఆ ఏడాది రాలేదు. హంసాబెన్ మళ్లీ ఆఫీసుల్లో కూర్చుంది. తరగతి తెరుచుకోవడానికి ఇంకా మూడేళ్లు పట్టింది. ఈలోపు, ఎనిమిది తెరవడం లేదని ఇంటింటికీ వెళ్లి చెప్పే పని నాకు పడింది. ప్రతి గుమ్మంలో ఒకటే చెప్పాను. సార్ మనల్ని వదిలేసి పోయిండు అని. స్వరూప వాళ్ల గుమ్మంలో కూడా. ఆ పిల్ల తలుపు వెనక నిలబడి వింది. "ఆయనకు మంచి జరగదు" అంది. నాకు హాయిగా అనిపించింది. నా పగ ఇంకొకరి నోట్లో వింటే ఎంత బాగుంటుందో అప్పుడే తెలిసింది.

ఆరు నెలల తరువాత ఒక కార్ఖానా ముందు నుంచి వెళ్తున్నాను. తలుపు తీసి ఉంది. లోపల చక్రం ముందు స్వరూప. జుట్టు నిండా నూగు. నన్ను చూసి చేయి ఊపింది. "అక్కా!" అని అరిచింది. సాంచాల మోతలో గొంతు వినబడలేదు, నోరు కదలడం కనిపించింది. నేనూ చేయి ఊపాను.

ఆ వీధి మలుపు తిరిగేదాకా బాగానే ఉన్నాను. తిరిగాక ఒక దుకాణం అరుగు మీద కూర్చుండిపోయాను. కండెలు చుట్టే చేతులకు బుక్కులెందుకు అని ఆయన అన్నాడు. అన్నాడంతే. దాన్ని నిజం చేసింది నేను. నన్ను ఆయన ఆపినా హంసాబెన్ మళ్లీ లేపింది. వీళ్లను లేపాల్సిన చోట కూర్చున్నది నేను.

అప్పుడైనా చెప్పలేదెందుకు? ఉద్యోగం పోతుందని. హంసాబెన్ ముఖం చూడలేనని. ఇవి సగం. మిగతా సగం, చెబితే ఆయన గెలుస్తాడు. ఆయన్ని మంచివాణ్ణి చేయడం నా వల్ల కాలేదు. ఆడపిల్లల చదువు ఒక వైపు, ఆయన పేరు ఇంకొక వైపు పెట్టి తూచాను. నా పగే బరువు తూగింది. హంసాబెన్ కొన్నేళ్ల కిందట పోయింది. పోయేముందు ఆస్పత్రిలో అందరికీ నన్ను చూపించి, ఈ పిల్ల ఒక్క అక్షరం తప్పు రాయదు అంది. నేను ఆమె కాళ్లు ఒత్తుతూ విన్నాను.

ఇప్పుడు ఆ సంస్థలో నేనే కొత్త సాయం టీచర్లకు తర్ఫీదు ఇస్తాను. చూసిందే రాయండి, పిల్లల్ని అడగండి అని చెబుతాను. బాగా చెబుతానని అంటారు.

కిందటి నెల ఊరి నుంచి వచ్చిన ఒకాయన మాటల మధ్యలో చెప్పాడు, లింగమూర్తి సార్ పోయాడని. చివరి దాకా ఊళ్లో పిల్లలకు ఊరికే లెక్కలు చెప్పేవాడట. మొదట నాకు ఏమనిపించిందో రాయాలి కదా. సంతోషం. ఒక్క క్షణం. పాత సంతోషమే, వెచ్చగా. ఆ తరువాత భయం. ఇంక ఆ పేరు శుభ్రం చేయగలిగిన మనిషి ఈ లోకంలో నేను ఒక్కదాన్నే మిగిలాను.

అదే వారం స్వరూప మా సెంటరుకు వచ్చింది. కూతుర్ని వెంటబెట్టుకుని. ఇప్పుడు ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటించే పని చేస్తోంది. కూతురు ఏడు పాసయింది, ఎనిమిదిలో చేర్చాలి, ఫారం నింపమంది. నింపుతుంటే నవ్వుతూ కూతురితో అంది. "మా టైముల ఒక సారు ఉండె. మమ్మల్ని మధ్యల ఇడిసిపెట్టి పారిపోయిండు. లేకుంటె నేను గూడ అక్క లెక్క టీచర్‌నయ్యేదాన్ని." ఆ పిల్ల కూడా ఆయన్ని తిట్టింది. పదమూడేళ్ల పిల్ల. ఎన్నడూ చూడని మనిషిని.

నాలుగు రోజులు ఆగాను. ఐదో రోజు స్వరూప ఇంటికి వెళ్లి చెప్పాను. మీకు చెప్పినట్టే. మా అమ్మ నుంచి మొదలుపెట్టబోయాను గాని, అది సాకు అవుతుందనిపించి ఖాడీ దగ్గర నుంచి మొదలుపెట్టాను. ఆమె రాళ్లు అంటిస్తూనే ఉంది. చేయి ఆగలేదు. నేను చెప్పడం అయిపోయాక కూడా ఒక పువ్వు పూర్తి చేసింది. అప్పుడు అడిగింది.

"ఆ జోల్వా పేర్లల్ల మా చిన్నమ్మ బిడ్డ పేరుండెనా? అది గా యేడు ఆడనే ఉండె. చానా తెలివిగల్లది."

నేను చదవలేదు అన్నాను.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. తిట్టలేదు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కూతుర్ని పిలిచి గ్లాసు నీళ్లు తెమ్మంది, తనకు. తాగి మళ్లీ పనిలో పడింది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. మరునాడు ఆ పిల్ల ఫారం వెనక్కి తీసుకుని వేరే బడిలో చేర్చారని తెలిసింది. అది ఆమె హక్కు.

క్షమించమని స్వరూపను అడగలేదు. మిమ్మల్నీ అడగను. ఆయన్ని నేను క్షమించానా అని అడిగితే, లేదు. అది కూడా ఇక్కడే రాసి పెడుతున్నాను. సంస్థవాళ్లకు రేపు ఉత్తరం ఇస్తాను. వాళ్లు ఏం చేస్తారో వాళ్ల ఇష్టం.

స్వరూప ఇంటి నుంచి వచ్చిన రోజు ఒకటి జరిగింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఇంట్లోకి అడుగుపెట్టగానే ఆకలి వేసింది. మామూలు ఆకలి కాదు. పొద్దుటి అన్నం చల్లగా ఉంది, పచ్చడి ఉంది. నిలబడే కలుపుకుని తిన్నాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను.